ఎక్కువ భయపడ్డ రైతే బీమా ఎందుకు కొనలేదు?

2003లో మహబూబ్‌నగర్ జిల్లాలో ఆముదం, వేరుశనగ పండించే రైతుల దగ్గరికి ఒక కొత్త రకం బీమా వచ్చింది. బేసిక్స్ అనే గ్రామీణ రుణ సంస్థ, ఐసీఐసీఐ లొంబార్డ్ కంపెనీ కలిసి తెచ్చిన వాన బీమా అది. లెక్క చాలా తేలిక. పొలం చూడటానికి ఎవరూ రారు, పంట ఎంత పోయిందని ఎవరూ అడగరు. దగ్గర్లోని వర్షమాపకంలో ఫలానా తేదీల మధ్య అనుకున్నదానికన్నా తక్కువ వాన నమోదైతే, తగ్గిన మిల్లీమీటర్లను బట్టి డబ్బు చేతికొస్తుంది. ఆఫీసర్ల చుట్టూ తిరగక్కర్లేదు, పంచనామా అక్కర్లేదు. వాన ఎప్పుడు మొహం చాటేస్తుందో తెలియని పాలమూరు నేల మీద ఇంతకన్నా పనికొచ్చే సరుకు ఏముంటుంది?

కొన్నవాళ్లు చాలా తక్కువ. కొత్త సరుకు కాబట్టి అందులో వింత లేదు. ఎవరు కొన్నారు, ఎవరు కొనలేదు అని ఆర్థికవేత్తలు జేవియర్ జినే, రాబర్ట్ టౌన్సెండ్, జేమ్స్ వికరీ లెక్క తీస్తే అసలు వింత బయటపడింది. నష్టమంటే ఎక్కువ భయపడే రైతులు, నష్టాన్ని అంతగా పట్టించుకోని రైతుల కన్నా తక్కువగా కొన్నారు. బేసిక్స్‌తో ముందే పరిచయం ఉన్నవాళ్లు, ఊళ్లో పది మందితో కలిసి తిరిగేవాళ్లు ఎక్కువగా కొన్నారు.

అర్థశాస్త్రం పాఠ్యపుస్తకం ప్రకారం ఇది తలకిందులు. వానకు తడుస్తానని భయపడేవాడే గొడుగు కొనాలి. ఇక్కడ గొడుగు కొన్నది తడవడానికి భయపడనివాడు!

కాసేపు ఆ రైతు పక్కన కూర్చుని ఆలోచిస్తే ఇందులో తిక్క ఏమీ కనిపించదు. వాన రాకపోవచ్చన్నది ఒక అనుమానం. వాన రాకపోయినా ఈ కంపెనీ డబ్బిస్తుందా అన్నది రెండో అనుమానం. మొదటిదాంతో ఆయనకు పుట్టినప్పటి నుంచి పరిచయం ఉంది. వాన రాకపోతే ఏం చేయాలో తెలుసు: గొర్రెను అమ్మాలి, షావుకారు దగ్గరికి పోవాలి, లేదంటే బొంబాయి బస్సెక్కాలి. రెండోది కొత్తది, దానికి ఆయన దగ్గర మందు లేదు. అంటే మనం బీమా అని పిలుస్తున్నది ఆయన కళ్లకు పందెంలా కనిపిస్తోంది. జాగ్రత్తపరుడు పందెం కాయడు.

ప్రవర్తనా అర్థశాస్త్రం అనే మాట వినగానే చాలామంది "మనుషులు తెలివితక్కువగా నిర్ణయాలు తీసుకుంటారు, వాళ్లను తెలివిగా దారిలో పెట్టే శాస్త్రం" అనుకుంటారు. ఈ శాస్త్రానికి ప్రచారం చేసేవాళ్లలో కొందరు చెప్పేది కూడా అలాగే ఉంటుంది. నాకు మాత్రం ఈ పాలమూరు కథే సరైన గుమ్మం అనిపిస్తుంది. మనిషి చేసే పని లెక్కకు అందకపోతే, తప్పు మనిషిలో ఉందా, లెక్క వేసినవాడిలో ఉందా అని ముందు చూసుకోవాలి. మనిషిని కాస్త మోచేత్తో పొడిస్తే చాలా, లేక అతని ముందున్న బండరాయి తీయాలా అన్నది ఆ తర్వాతే తేలుతుంది. ప్రభుత్వాలు తడబడేది సరిగ్గా ఇక్కడే.

కొంచెం వెనక్కి వెళ్దాం. మనిషి బుర్రకు, సమయానికి హద్దులున్నాయి, కాబట్టి అన్నీ బేరీజు వేసి ఉత్తమమైనదాన్ని ఎంచుకోడు, సరిపోతుందనుకున్న దగ్గర ఆగిపోతాడు అని హెర్బర్ట్ సైమన్ ఎప్పుడో చెప్పాడు. ఆయనకు 1978లో నోబెల్ వచ్చింది. 1979లో డేనియల్ కానెమన్, అమోస్ ట్వెర్‌స్కీ అనే ఇద్దరు మానసిక శాస్త్రవేత్తలు ఇంకో అడుగు వేశారు. వంద రూపాయలు దొరికితే కలిగే సంతోషం కన్నా వంద పోతే కలిగే బాధ చాలా ఎక్కువని, అదే విషయాన్ని లాభంగా చెప్తే ఒకలా, నష్టంగా చెప్తే ఇంకోలా మనం తేల్చుకుంటామని ప్రయోగాలతో చూపించారు. ట్వెర్‌స్కీ 1996లో పోయాడు, కానెమన్‌కు 2002లో నోబెల్ వచ్చింది. వీళ్ల మాటల్ని డబ్బు లెక్కల్లోకి, అక్కడి నుంచి ప్రభుత్వ విధానాల్లోకి తెచ్చినవాడు రిచర్డ్ థేలర్. ఆయనా, న్యాయశాస్త్ర ప్రొఫెసర్ కాస్ సన్‌స్టీన్ కలిసి 2008లో రాసిన పుస్తకంతో 'నడ్జ్' (మోచేత్తో మెల్లగా పొడవడం) అన్న మాట ఊరూరా పాకింది. నిషేధం పెట్టకుండా, ధర మార్చకుండా, ఎంపికను ముందు పెట్టే తీరు మార్చి మనిషిని ఒకవైపు మొగ్గేలా చేయడం అని దాని అర్థం. 2010లో బ్రిటన్ ప్రధాని కామెరాన్ ఇందుకోసం ఒక ప్రత్యేక బృందాన్నే పెట్టాడు. మన కేంద్ర ప్రభుత్వం 2018-19 ఆర్థిక సర్వేలో దీనికి ఒక అధ్యాయం మొత్తం కేటాయించింది.

నష్టం బాధ సంగతి మన ఇళ్లలో చూడాలంటే బీమా ఏజెంటు వచ్చిన రోజు చాలు. టర్మ్ పాలసీ గురించి చెప్తాడు. తక్కువ ప్రీమియం, పెద్ద కవరేజీ. మొదటి ప్రశ్న ఏమిటి? "మరి నాకేం కాకపోతే డబ్బు తిరిగి వస్తుందా?" రాదు అనగానే మొహాలు మారిపోతాయి. ఏమీ కాకపోవడమే లాభం కదా అని ఎంత చెప్పినా కట్టిన డబ్బు పోయినట్టే లెక్క. అందుకే మనీ బ్యాక్ పాలసీలు అన్ని దశాబ్దాలు ఏలాయి.

పాలమూరుకు తిరిగి వద్దాం. ఆ తొలి లెక్కల తర్వాత పరిశోధకులు మహబూబ్‌నగర్, అనంతపురం జిల్లాల్లో, విడిగా గుజరాత్‌లోనూ అసలు అడ్డంకి ఏదో పట్టుకోవడానికి ప్రయోగాలు పెట్టారు. కొన్ని ఇళ్లకు బీమా గురించి చెప్పే మనిషిని ఒంటరిగా పంపారు. కొన్ని ఇళ్లకు బేసిక్స్ ఏజెంటు కూడా వెంట వెళ్లి "ఈయన మనవాడే, నమ్మొచ్చు" అని పరిచయం చేశాడు. కొందరికి తమతో మాట్లాడినందుకు 25 రూపాయలిచ్చారు, కొందరికి అక్కడికక్కడే ఒక పాలసీ కొనుక్కోవడానికి సరిపడేలా 100 ఇచ్చారు. ఇంకొందరికి మిల్లీమీటరు అంటే ఏమిటి, ఎన్ని మిల్లీమీటర్లు పడితే నేలలో ఎంత పదును వస్తుంది అని పాఠం చెప్పారు.

పాఠం పని చేసిన దాఖలా లేదు. పరిచయం పని చేసింది, అదీ బేసిక్స్ ముందు నుంచీ తిరుగుతున్న ఊళ్లలోనే. ముక్కూమొహం తెలియని ఊళ్లలో ఆ ఏజెంటు మాటకూ విలువ లేదు. అన్నిటికన్నా గట్టిగా పని చేసింది ఆ వంద నోటు. చేతిలో డబ్బున్నవాళ్లలో కొన్నవారి శాతం రెట్టింపును దాటిపోయింది.

ప్రీమియం అడిగేది ఎప్పుడు? తొలకరికి ముందు. విత్తనాలకు, ఎరువులకు, ట్రాక్టరు కిరాయికి, బడి ఫీజులకు ఇంట్లో ఉన్న ప్రతి రూపాయికీ నాలుగు చేతులు చాపి ఉండే రోజుల్లో, వచ్చే అక్టోబరులో వస్తుందో రాదో తెలియని డబ్బు కోసం ఇవాళ నగదు కట్టమని అడుగుతున్నాం. దీనికి పాఠం ఏం చేస్తుంది?

కానీ మన ప్రభుత్వాల చేతికి ముందు దొరికేది పాఠమే. బీమా కొనడం లేదా, అవగాహన సదస్సు. మరుగుదొడ్డి వాడటం లేదా, అవగాహన సదస్సు. ఫ్లెక్సీ, మైకు, వేదిక మీద ఎనిమిది కుర్చీలు, చివర్లో సమోసా, టీ. జనానికి తెలియకపోవడమే సమస్య అని ముందే తేల్చేసుకుంటే పని సులువు, ఖర్చు తక్కువ, ఫొటోలూ బాగా వస్తాయి.

చేతిలో డబ్బు ఉన్న రోజు, లేని రోజు అన్నది చిన్న తేడా కాదు. తమిళనాడులో 464 మంది చెరకు రైతుల మీద చేసిన అధ్యయనం 2013లో వచ్చింది. సెంధిల్ ముల్లైనాథన్, ఎల్దార్ షఫీర్, మరో ఇద్దరు చేశారు. చెరకు డబ్బు ఏడాదికోసారి వస్తుంది. కోతకు ముందు ఇంట్లో కటకట, కోత తర్వాత కాస్త ఊపిరి. ఒకే రైతుకు ఈ రెండు సమయాల్లోనూ బొమ్మల్లో వరస కనిపెట్టే తెలివి పరీక్ష పెట్టారు. కోతకు ముందు మార్కులు తగ్గాయి. మనిషి అతనే, బుర్ర అదే. అప్పుల లెక్కలు ఆ బుర్రలో సగం చోటు తినేస్తున్నాయి, మిగతా పనులకు మిగిలింది తక్కువ. పేదవాడు ముందుచూపు లేకపోవడం వల్ల పేదవాడయ్యాడు అని తేలిగ్గా అనేసేవాళ్లకు ఈ అధ్యయనం చూపించాలనిపిస్తుంది నాకు.

కెన్యాలో ఇదే సూత్రాన్ని తిరగేసి వాడారు. పశ్చిమ కెన్యాలో మొక్కజొన్న రైతులకు ఎరువు వేస్తే లాభమని తెలుసు, వేస్తామనీ అంటారు, తీరా సమయానికి డబ్బుండదు. ఎస్తేర్ డుఫ్లో, మైకేల్ క్రెమర్, జొనాథన్ రాబిన్సన్ ఏం చేశారంటే, పంట అమ్మిన వెంటనే, ఇంట్లో డబ్బు ఉన్నప్పుడే వెళ్లి "ఇప్పుడు కొంటే ఇంటికి ఉచితంగా చేరుస్తాం, ఈ అవకాశం కొద్ది రోజులే" అన్నారు. చాలామంది కొన్నారు. తర్వాత విత్తే సమయంలో ధర సగానికి తగ్గిస్తే ఎంతమంది కొంటారో, ఆ చిన్న ఉచిత డెలివరీకి దాదాపు అంత ఫలితం వచ్చింది. రాయితీ మొత్తం కన్నా తేదీ ముఖ్యం అన్నమాట. తెలంగాణలో 2018లో మొదలైన రైతుబంధు మీద ఎన్ని విమర్శలైనా ఉండొచ్చు. భూమి ఎంత ఉంటే అంత ఇవ్వడం, కౌలు రైతుకు ఏమీ ఇవ్వకపోవడం నా దృష్టిలో పెద్ద లోపాలు. కానీ మొదట్లో ఎకరాకు 4,000 రూపాయలు సీజనుకు ముందు, పెట్టుబడి పేరుతో ఇవ్వాలనుకోవడంలో మాత్రం రైతు క్యాలెండరు తెలిసినవాళ్ల ఆలోచన ఉంది. అదే డబ్బు నాట్లు అయిపోయాక పడితే ఆలోపే వడ్డీకి తెచ్చి ఉంటాడు.

నడ్జ్ పనిముట్లలో అన్నిటికన్నా బలమైనది డిఫాల్ట్. మనం ఏమీ చేయకపోతే ఏం జరుగుతుందో అదే డిఫాల్ట్. అమెరికాలో ఒక కంపెనీ ఉద్యోగుల మీద 2001లో వచ్చిన అధ్యయనం దీనికి పాఠ్యపుస్తకం లాంటిది. పదవీ విరమణ పొదుపు పథకంలో చేరాలంటే ఫారం నింపాలి అన్నప్పుడు చేరినవాళ్లు 49 శాతం. అందరినీ చేర్చేసి, వద్దనుకున్నవాళ్లే ఫారం నింపాలి అని మార్చాక 86 శాతం. పథకం అదే, జీతాలు అవే. ఫారం నింపే బద్ధకం ఎవరి పక్షాన ఉందన్నదే మారింది. బ్రిటన్ 2012 నుంచి దేశమంతా ఇదే పద్ధతి తెచ్చింది.

మన పంట బీమాలోనూ ఈ మీట ఉంది, చాలామంది గమనించలేదు. 2016లో ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజన వచ్చినప్పుడు బ్యాంకులో పంట రుణం తీసుకున్న రైతుకు బీమా తప్పనిసరి. ఖరీఫ్‌కు 2 శాతం, రబీకి 1.5 శాతం ప్రీమియం రుణ ఖాతాలోంచి కోసేసేవాళ్లు. 2020 ఖరీఫ్ నుంచి "స్వచ్ఛందం" అన్నారు. పేపర్లలో అలాగే వచ్చింది. అయితే నిబంధన ఏమిటంటే, రుణం ఉన్న రైతు తనకు వద్దనుకుంటే గడువుకు ఏడు రోజుల ముందే బ్యాంకుకు రాసివ్వాలి. రాసివ్వకపోతే ప్రీమియం కోత మామూలే. స్వచ్ఛందం అన్న మాటకు, ఆ ఏడు రోజుల ఫారానికి మధ్య ఎంత దూరం ఉందో అమెరికా కంపెనీ లెక్కలు చూశాక ఊహించుకోవచ్చు.

ఇది మంచిదా, చెడ్డదా? అదే మీట, చేతులు వేరు. ఆంధ్రప్రదేశ్ 2020లో కేంద్ర పథకంలోంచి బయటికొచ్చి ఉచిత పంటల బీమా నడిపినప్పుడు, ప్రభుత్వం పంటల వివరాలు రాసుకునే ఈ-క్రాప్‌లో పంట నమోదైతే చాలు, విడిగా దరఖాస్తు లేదు, ప్రీమియం లేదు. ఆ నమోదే రైతును బీమాలోకి చేర్చింది. 2022లో మళ్లీ కేంద్ర పథకంలో చేరింది. ఆ తర్వాత రైతు వాటా కట్టే పద్ధతి తిరిగొచ్చింది. తెలంగాణ అయితే 2020లోనే బయటికొచ్చేసింది. ఒకే పంట, ఒకే రైతు, పదేళ్లు తిరక్కుండానే తప్పనిసరి, ఆటోమేటిక్, స్వచ్ఛందం అని ఇన్ని రకాల తలుపులు చూశాడు. ఏ తలుపు ఎటు తెరుచుకుంటుందో ఆయనకు గుర్తుంటుందని ఆశించడం అత్యాశే.

డిఫాల్ట్‌తో నాకున్న అసలు పేచీ ఇది. మా పెద్దమ్మ పాస్‌బుక్‌లో ఒకరోజు 436 రూపాయల కోత కనిపించింది. ఆవిడ బ్యాంకువాళ్లు మోసం చేశారనే అనుకుంది. చూస్తే అది ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా ప్రీమియం, ఏటా మే నెలాఖరులో దానంతటదే కట్ అవుతుంది. చనిపోతే కుటుంబానికి రెండు లక్షలు. పథకం మంచిదే, ఆ ధరకు బజారులో దొరకదు. ఎప్పుడో ఏదో కాగితం మీద సంతకం పెట్టే ఉంటుంది. కానీ ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆవిడకు ఏదైనా జరిగి ఉంటే ఆ రెండు లక్షలు ఎవరు అడిగేవాళ్లు? ప్రీమియం తీసుకోవడానికి ఆటోమేటిక్. క్లెయిమ్ ఇవ్వడానికి మాత్రం దరఖాస్తు, మరణ ధ్రువపత్రం, నామినీ ఆధార్, బ్రాంచి చుట్టూ మూడు తిరుగుళ్లు. మనిషి బద్ధకాన్ని, మరపును ఒకవైపు అంత తెలివిగా లెక్కగట్టినవాళ్లు రెండో వైపు వచ్చేసరికి ఎందుకు మర్చిపోతారు?

థేలర్ దీనికి ఒక పేరు పెట్టాడు. దారి సాఫీ చేసేది నడ్జ్ అయితే, దారిలో కావాలని పోసేది స్లడ్జ్, అంటే బురద. అడుసు తొక్కనేల కాలు కడగనేల అంటారు గానీ, ఈ అడుసు తొక్కకుండా పింఛను రాదు, సర్టిఫికెట్ రాదు. ప్రైవేటు కంపెనీలు ఈ విద్యలో ఇంకా ముందున్నాయి. యాప్‌లో చేరడానికి ఒక నొక్కు, మానడానికి పద్నాలుగు స్క్రీన్లు. బుట్టలో మనం వేయని విరాళం, మనం అడగని ఇన్సూరెన్సు ముందే టిక్ పెట్టి ఉండటం. ఇలాంటి 13 రకాల కిటుకులను కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబరులో డార్క్ ప్యాటర్న్స్ పేరుతో నిషేధించింది. ఇదే జాబితాను ప్రభుత్వ పోర్టళ్లకూ ఒకసారి అన్వయించి చూస్తే బాగుండేది.

చిన్న బహుమతి పెద్ద పని చేసిన చోట్లూ ఉన్నాయి. రాజస్థాన్‌లో ఉదయ్‌పూర్ దగ్గరి పల్లెల్లో టీకాలన్నీ పూర్తయిన పిల్లలు 6 శాతమే. నర్సు తప్పకుండా వచ్చే శిబిరాలు పెడితే 18 శాతానికి చేరింది. శిబిరానికి తోడు వచ్చిన ప్రతిసారీ కిలో పప్పు, అన్నీ పూర్తయ్యాక స్టీలు కంచాలు ఇస్తే 39 శాతం. అభిజిత్ బెనర్జీ, డుఫ్లో బృందం 2010లో ప్రచురించిన లెక్కలివి. కిలో పప్పుకు పిల్లవాడి ఆరోగ్యాన్ని అమ్ముకుంటారా అని కోపగించుకునేవాళ్లు ఉంటారు. అక్కడ చాలామంది తల్లులు టీకా వద్దనలేదు, రేపు వేయిద్దాంలే అన్నారు, అంతే. ఆ రేపును ఇవాళగా మార్చింది పప్పు. పైగా రోజంతా కూర్చునే నర్సు దగ్గరికి ఎక్కువ మంది వచ్చారు కాబట్టి, పప్పు ఖర్చు కలుపుకున్నా ఒక్కో బిడ్డకు అయిన ఖర్చు తగ్గింది. అయితే అంకెల్ని వరసగా చూడండి. ముందు నర్సు రావాలి. నర్సు రాని ఊళ్లో పప్పు పంచి లాభం లేదు.

జరిమానాల సంగతి తిరకాసుగా ఉంటుంది. ఇజ్రాయెల్‌లోని హైఫాలో పిల్లల్ని ఆలస్యంగా తీసుకెళ్లే తల్లిదండ్రులకు కొన్ని డే కేర్ సెంటర్లు జరిమానా పెట్టాయి. ఆలస్యం తగ్గకపోగా పెరిగింది. అంతకుముందు టీచరు ముందు తల వంచుకోవాల్సి వచ్చేది, ఇప్పుడు డబ్బు కట్టేశాం కదా అన్న ధీమా. తర్వాత జరిమానా ఎత్తేసినా పాత మొహమాటం తిరిగి రాలేదు. మన హైదరాబాదు కథ ఇంకో రకం. ట్రాఫిక్ చలాన్లు గుట్టలుగా పేరుకుంటే 2022 మార్చిలో బైకులకు 75 శాతం తగ్గింపు ఇచ్చారు, కట్టాల్సిన డబ్బు బాగానే వచ్చింది. 2023 డిసెంబరు చివర్లో మళ్లీ, ఈసారి 80 శాతం. ఇప్పుడు చలాన్ పడిన మనిషి ఏం చేస్తాడు? ఈసారి ఆఫర్ ఎప్పుడో అని ఎదురు చూస్తాడు. ఆ పాఠం నేర్పింది ప్రభుత్వమే.

మోచేత్తో పొడిచే విద్య ఎక్కడ ఆగిపోతుందో తెలియాలంటే మరుగుదొడ్ల కథ చూడాలి. స్వచ్ఛభారత్ మిషన్ 2014 అక్టోబరు 2న మొదలైంది. ఇంటికి 12,000 రూపాయలు. కట్టడం పెద్ద పనే, కట్టారు కూడా. కానీ ఆ మిషన్‌కు కాస్త ముందు, 2014లోనే అయిదు ఉత్తరాది రాష్ట్రాల్లో జరిగిన ఒక సర్వేలో, వాడుకలో ఉన్న మరుగుదొడ్డి ఉన్న ఇళ్లలోనే 40 శాతానికి పైగా ఇళ్లలో కనీసం ఒకరు బయటికే వెళ్తున్నారు. ఎందుకు? గుంత నిండిపోతుందని భయం. నిండితే తీసేదెవరు? డయాన్ కాఫీ, డీన్ స్పియర్స్ ఈ ప్రశ్నను పట్టుకుని లాగితే దాని వేరు కులంలో దొరికింది. ఆ పని ఫలానా కులం వాళ్లదే, మనం ముట్టుకుంటే మైల అన్న నమ్మకం. ఆ కులం వాళ్లు, న్యాయంగానే, ఇక మేం చేయం అంటున్నారు. కాబట్టి గుంత నిండకుండా చూసుకోవడమే మార్గమైంది.

నిజానికి జంట గుంతల నమూనాలో ఒకటి నిండాక మూసేసి రెండోది వాడితే, ఏడాదికి మొదటిది వాసన లేని ఎరువుగా మారిపోతుంది. ఈ మాట ఎన్ని పోస్టర్లలో చెప్పినా ఎవరూ నమ్మలేదు. 2017 ఫిబ్రవరిలో వరంగల్ దగ్గరి గంగదేవిపల్లిలో కేంద్ర పారిశుద్ధ్య శాఖ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్, 23 రాష్ట్రాల అధికారులు గుంతలోకి దిగి స్వయంగా ఎరువు తీశారు. ఇది మంచి నడ్జ్ అని ఒప్పుకుంటాను. మైల అన్నదాన్ని మాటతో కాకుండా చేత్తో కొట్టారు. ఐఏఎస్ అధికారి చేతిలో ఆ మట్టి ఉన్న ఫొటో వంద సదస్సుల పెట్టు.

మరి కులం కదిలిందా? బిహార్, మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ పల్లెల్లో 2018లో మళ్లీ సర్వే చేశారు. బయటికి వెళ్లేవాళ్లు 70 శాతం నుంచి 44 శాతానికి తగ్గారు, అది చిన్న మార్పు కాదు. కానీ ఇంట్లో మరుగుదొడ్డి ఉండి కూడా బయటికి వెళ్లేవాళ్లు 2014లో 23 శాతం, 2018లోనూ దాదాపు అంతే. అంటే తగ్గుదలంతా కట్టడం వల్ల వచ్చింది, మనసు మారడం వల్ల కాదు. పైగా చాలా ఊళ్లలో రేషన్ ఆపేస్తాం, జరిమానా వేస్తాం అన్న బెదిరింపులు కూడా నడిచాయని అదే సర్వే చెప్పింది. దాన్నీ కొందరు నడ్జ్ లెక్కలోనే రాసుకున్నారు. బెదిరింపును మోచేతి పోటు అనడం నాకు మింగుడుపడదు.

ఇంతకీ ఈ పనిముట్ల బలం ఎంత? 2022లో స్టెఫానో డెల్లావిగ్నా, ఎలిజబెత్ లినోస్ అమెరికాలో ప్రభుత్వాల కోసం నడ్జ్ బృందాలు చేసిన 126 ప్రయోగాలను, అంటే రెండు కోట్ల ముప్పై లక్షల మంది మీద జరిగినవాటిని కలిపి చూశారు. పత్రికల్లో అచ్చయిన విద్యావేత్తల ప్రయోగాల్లో సగటు ప్రభావం 8.7 శాతం పాయింట్లు ఉంటే, ఈ అసలు ప్రయోగాల్లో 1.4. బాగా వచ్చినవే అచ్చవుతాయి, రానివి బీరువాలో ఉండిపోతాయి. ఇక 2012లో పేరుమోసిన ఒక అధ్యయనం, ఫారం కింద కాకుండా పైన సంతకం పెట్టిస్తే జనం నిజం రాస్తారని చెప్పినది, అందులోని ఒక ప్రయోగం డేటా కల్పితమని తేలి 2021లో ఉపసంహరణకు గురైంది. అబద్ధాలు తగ్గించే కిటుకు గురించిన పరిశోధనకు ఈ గతి పట్టడం విధి వేసిన జోకు.

1.4 అంటే తీసిపారేయాల్సిందా? కాదు. ఉత్తరంలో ఒక వాక్యం మార్చడానికి ఖర్చేముంది? "మీ ప్రాంతంలో పది మందిలో తొమ్మిది మంది పన్ను సకాలంలో కట్టేశారు" అన్న తరహా వాక్యాన్ని బ్రిటన్ పన్ను శాఖ తన ఉత్తరాల్లో చేరిస్తే వసూళ్లు పెరిగాయి. పైసా ఖర్చు లేకుండా వచ్చేదాన్ని ఎవరూ వద్దనరు. దాన్ని చూపించి పెద్ద పని వాయిదా వేసినప్పుడే తంటా. నిక్ చేటర్, జార్జ్ లోవెన్‌స్టీన్ అనే ఇద్దరు, ఈ రంగంలోనే తలపండినవాళ్లు, 2022లో దాదాపు ఒప్పుకోలులా రాశారు. వ్యవస్థలో ఉన్న లోపాన్ని మనిషి బలహీనతగా చూపించడం పెద్ద కంపెనీలకు కలిసొచ్చింది, మేమూ తెలియకుండానే అందుకు తోడ్పడ్డాం అని. మన గ్యాస్ సబ్సిడీ చూడండి. 2015లో "వదులుకోండి" అని ప్రచారం చేస్తే కోటి మందికి పైగా వదులుకున్నారు, నిజంగా గొప్ప విషయం. 2022 నాటికి పేద ఇళ్లకు గ్యాస్ కనెక్షన్ ఇచ్చే ఉజ్వల పథకం లబ్ధిదారులకు తప్ప మిగతావారికి సబ్సిడీయే లేదు. మిగతావాళ్లను అడగలేదు.

పాలమూరు రైతు ప్రశ్న, వాన రాకపోతే వీళ్లు నిజంగా డబ్బిస్తారా అన్నది, ఇంకా అలాగే ఉంది. దానికి జవాబు గుజరాత్‌లో కొన్నేళ్లపాటు సాగిన వాన బీమా ప్రయోగంలో దొరికింది. షాన్ కోల్, డేనియల్ స్టైన్, జెరెమీ టొబాక్‌మన్ 2014లో రాశారు. ఒక ఏడాది ఊళ్లో బీమా డబ్బులు పడితే, మరుసటి ఏడాది ఆ ఊళ్లో కొనేవాళ్లు పెరిగారు. తమకు ఏమీ రానివాళ్లు కూడా కొన్నారు. పక్కింటివాడి ఖాతాలో పడటం కళ్లారా చూశారు కాబట్టి.

ఫసల్ బీమాలో ఆ డబ్బు పడాలంటే, కొన్ని పొలాల్లో పంట కోసి దిగుబడి కొలిచే పంట కోత ప్రయోగాల లెక్కలు తేలాలి, రాష్ట్రం తన వాటా ప్రీమియం కట్టాలి, కంపెనీ ఒప్పుకోవాలి. ఆలస్యమైతే కంపెనీ 12 శాతం వడ్డీ ఇవ్వాలని 2018లో నిబంధన పెట్టారు. వద్దనుకునే రైతుకు మాత్రం గడువుకు ఏడు రోజుల ముందే రాసివ్వాలన్న షరతు. రైతు గడువు దాటితే కోత పడుతుంది. అటువైపు గడువు దాటితే రైతుకు తెలిసేది, వచ్చే తొలకరికి బ్యాంకులో మళ్లీ ప్రీమియం కోసినప్పుడు, "పోయినేడు డబ్బులేవి సారూ?" అని అడిగితేనే.